దెయ్యం చెప్పిన సాక్ష్యం చెల్లుతుందా?

దెయ్యాలూ కుటుంబ రహస్యాలూ కలగలిసిన మిస్టరీ నవల చదివిన ఇద్దరిని ఒకచోట కూర్చోబెడితే వాదన ఖాయం. ఆ ఇంట్లో ఆత్మ ఉన్నమాట నిజం అంటారు ఒకరు. అంతా ఆ అమ్మాయి భ్రమ, చిన్నప్పుడు చూసిందే మళ్లీ గుర్తొచ్చింది అంటారు ఇంకొకరు. ఇద్దరి దగ్గరా పేజీ నంబర్లతో సహా ఆధారాలుంటాయి. తమాషా ఏమిటంటే, అరవై ఏళ్ల కిందట ఆ ఇంట్లో ఏం ఘోరం జరిగింది, ఎవరు చేశారు అన్నదాంట్లో మాత్రం ఇద్దరికీ పేచీ ఉండదు.

ఈ రకం నవల కీలకమంతా అక్కడే ఉంది. ఇందులో రెండు ప్రశ్నలు పెనవేసుకుని నడుస్తాయి. కళ్లకు కనిపిస్తున్నది ఏమిటి అన్నది ఒకటి, ఈ కుటుంబంలో అప్పట్లో ఏం జరిగింది అన్నది రెండోది. మొదటిది తేలకపోయినా రెండోది తేలేలా రాస్తే నవల నిలుస్తుంది. అలా కాకుండా దెయ్యం వచ్చి చెప్పింది కాబట్టి హంతకుడు ఫలానావాడే అని ముగించేస్తే, అప్పటిదాకా మూడొందల పేజీలు ఓపిగ్గా క్లూలు ఏరుకున్న పాఠకుడికి ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

కోర్టుకెక్కిన దెయ్యం

ఈ లెక్క నవలల్లోనే కాదు, నిజజీవితంలోనూ ఒకసారి పరీక్షకు నిలిచింది. 1897 జనవరిలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, గ్రీన్‌బ్రయర్ కౌంటీలో జోనా హీస్టర్ షూ అనే యువతి తన ఇంట్లో చనిపోయి కనిపించింది. డాక్టర్ వచ్చేసరికే ఆమె భర్త ఎడ్వర్డ్ షూ శవానికి బట్టలు మార్చేశాడు. మెడ దాకా వచ్చే బిగుతైన కాలర్ ఉన్న గౌను తొడిగాడు. డాక్టర్ పరీక్షిస్తున్నంతసేపూ ఆమె తలను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాడు. డాక్టర్ మెడ దగ్గరికి చెయ్యి పోనిస్తే మండిపడ్డాడు. పైపైన చూసి, సహజ మరణమని రాసి, పూడ్చిపెట్టేశారు.

జోనా తల్లి మేరీ జేన్‌కు అల్లుడంటే మొదటి నుంచీ గిట్టదు. కొన్ని వారాల తర్వాత ఆవిడ సర్కారీ వకీలు జాన్ ప్రెస్టన్ దగ్గరికి వెళ్లి, కూతురు వరుసగా నాలుగు రాత్రులు కనిపించిందని, భర్తే కోపంలో మెడ విరిచాడని చెప్పిందని చెప్పింది. ప్రెస్టన్ దెయ్యాన్ని నమ్మాడో లేదో గానీ, డాక్టర్‌ను పిలిపించి అడిగాడు. తాను సరిగా పరీక్షించలేదని డాక్టర్ ఒప్పుకున్నాడు. సమాధి తవ్వి శవపరీక్ష చేస్తే మెడ ఎముక విరిగి ఉంది, గొంతు నలిగి ఉంది.

విచారణలో జరిగిందే అసలు విశేషం. ప్రెస్టన్ తల్లిని సాక్షిగా పిలిచాడు గానీ, దెయ్యం ఊసే ఎత్తలేదు. చూసిన విషయాలు అడిగి కూర్చోబెట్టాడు. ఆ సంగతి బయటికి లాగింది ముద్దాయి తరఫు వకీలు. ఈవిడకు మతి సరిగా లేదని జ్యూరీ ముందు నిరూపిద్దామనుకున్నాడు. కల వచ్చిందా, నిద్రలో ఉన్నావా అని గుచ్చిగుచ్చి అడిగాడు. ఆవిడ తొణక్కుండా, మెలకువగానే ఉన్నానని, అది కల కాదని చెప్పింది. వకీలు ఎత్తుగడ బెడిసికొట్టింది. షూకు యావజ్జీవ శిక్ష పడింది. 1900లో జైల్లోనే చనిపోయాడు.

ఈ కేసును దెయ్యం శిక్ష వేయించిన కేసు అని చెప్పుకుంటారు. కాస్త నెమ్మదిగా చూస్తే, శిక్ష వేయించింది విరిగిన మెడ ఎముక. దెయ్యం చేసిన పని ఒక్కటే, సమాధి తవ్వించడం. తల్లికి నిజంగా కూతురు కనిపించిందని చదువుకోవచ్చు. అల్లుడి మీద తనకున్న అనుమానాన్ని ఎవరూ చెవిన పెట్టరని తెలిసి, కూతురి నోట చెప్పించిందనీ చదువుకోవచ్చు. ఎలా చదివినా తీర్పు మారదు. మంచి పారానార్మల్ మిస్టరీ రాయాలనుకునేవాళ్లు ముందు చదవాల్సింది ఈ కేసే అంటాను.

ఇదేమీ కొత్త సంగతి కాదు. మొదటి శతాబ్దం చివర, రెండో శతాబ్దం మొదట్లో జీవించిన రోమన్ రచయిత ప్లినీ తన ఉత్తరాల్లో ఒకదాంట్లో ఏథెన్స్‌లోని ఒక పాడుబడ్డ ఇంటి కథ చెబుతాడు. రాత్రిళ్లు గొలుసుల చప్పుడు, ఒక ముసలివాడి రూపం. ఎవరూ ఉండలేక ఇల్లు ఖాళీ అవుతుంది. ఎథినోడోరస్ అనే తత్వవేత్త అద్దె మరీ తక్కువగా ఉందేమిటని ఆరా తీసి, విషయం తెలిసి కూడా దిగుతాడు. రాత్రి రాసుకుంటూ కూర్చుంటే దెయ్యం వచ్చి వేలితో పిలుస్తుంది. ఆయన కాస్త ఆగమన్నట్టు చెయ్యి ఊపి మళ్లీ రాసుకుంటాడు! అది తల మీద గొలుసులు గలగలలాడించాక లేచి వెంట వెళితే, పెరట్లో ఒకచోట మాయమవుతుంది. అక్కడ ఆకులు, గడ్డి గుర్తుగా పెట్టి, మర్నాడు అధికారుల్ని పిలిచి తవ్విస్తే గొలుసులతో సహా ఎముకలు దొరుకుతాయి. వాటికి పద్ధతిగా అంత్యక్రియలు చేశాక చప్పుళ్లు ఆగిపోతాయి.

దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల నాటి ఈ చిన్న కథలో ఆ దెయ్యం ఒక్క మాట మాట్లాడదు. వేలు చూపిస్తుంది, అంతే. తవ్వేది మనుషులు, అది కూడా అధికారుల సమక్షంలో.

దెయ్యానికి కట్టుబాట్లు

1929లో బ్రిటిష్ రచయిత, మతాచార్యుడు రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. రెండోది, మానవాతీత శక్తులకు అసలు తావే లేదని. ఆయన బాధ సబబే. మిస్టరీ అంటే రచయితకూ పాఠకుడికీ మధ్య ఒప్పందం. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారాలన్నీ పాఠకుడికీ దొరకాలి. గోడల్లోంచి నడిచే సాక్షిని ఒకసారి లోపలికి రానిస్తే, ఎప్పుడు ఏం చెబుతుందో, ఎందుకు మొదటి అధ్యాయంలోనే అంతా చెప్పలేదో ఎవరికీ తెలియదు. పాఠకుడు ఊహించడం మానేస్తాడు.

నాక్స్ నియమాన్ని మీరినవాళ్లలో నెగ్గినవాళ్లు దాదాపు అందరూ ఒకే పని చేశారు. దెయ్యానికి కట్టుబాట్లు పెట్టారు. అది మాట్లాడలేదు, లేదా ఒకే గదిలో కనిపిస్తుంది, లేదా ఒకే క్షణాన్ని మళ్లీ మళ్లీ చూపిస్తుంది. ఆ హద్దు ఏదైనా సరే, తొలి పేజీల్లోనే తెలిసిపోవాలి, తర్వాత రచయిత అవసరాన్ని బట్టి మారకూడదు. మధ్యలో నోరు లేని దెయ్యానికి క్లైమాక్స్‌లో హఠాత్తుగా నోరొస్తే, రచయితకు దారి దొరకలేదని అర్థం.

ఇంతకంటే సూక్ష్మమైన కట్టుబాటు ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. చనిపోయిన మనిషికి ఏం తెలుసు? వెనక నుంచి తోసేస్తే తోసిందెవరో తెలియదు. పాలల్లో విషం కలిపి ఇస్తే, గ్లాసు తెచ్చి ఇచ్చిన మనిషి మాత్రమే తెలుస్తుంది, కలిపింది ఎవరో తెలియదు. అంటే చచ్చిపోయినవాళ్లు నిజాయితీగానే తప్పుడు మనిషి వైపు వేలు చూపించే అవకాశం ఉంది. తన సొంత చెల్లెల్నే హంతకురాలనుకుని మూడు తరాలపాటు ఆ చెల్లెలి పిల్లల్ని వేధించే దెయ్యం ఎంత మంచి కథా వస్తువో ఆలోచించండి!

చచ్చినవాళ్లకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది అని మనకొక నమ్మకం. జపనీస్ రచయిత అకుతగావా 1922లో రాసిన 'పొదల్లో' అన్న చిన్న కథ ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. ఒక హత్య గురించి వేర్వేరు వాంగ్మూలాలు. ఆఖరిది పూనకం వచ్చిన స్త్రీ ద్వారా చనిపోయిన మనిషే చెబుతాడు. అదైనా చిక్కుముడి విప్పుతుందనుకుంటే, మిగతావాటితో పొసగక మరో ముడి వేస్తుంది. పరువు, అవమానం, అహం లాంటివి ప్రాణంతోపాటే పోవని ఆ కథ చదివితే అనిపిస్తుంది.

ఒక దృశ్యాన్ని దగ్గరగా చూస్తే

సూత్రాలు ఎన్ని చెప్పుకున్నా ఒక దృశ్యం విప్పి చూస్తేనే తేలికగా అర్థమవుతుంది. ఇది నేను అల్లిన ఉదాహరణ. ముప్ఫై రెండేళ్ల అమ్మాయి. అమ్మమ్మ పోయిన నెల తర్వాత, అమ్మకానికి పెట్టిన ఆ పాత ఇంట్లో సామాన్లు సర్దడానికి ఒంటరిగా వస్తుంది. మూడో రాత్రి నీళ్లు తాగడానికి లేచి చూస్తే, మెట్ల మలుపులో పదేళ్ల పిల్ల అటు తిరిగి నిలబడి ఉంటుంది. జడ తడిసి ఉంది. ఎడమ కాలికి బూటు ఉంది, కుడి కాలికి లేదు. అంకెలు లెక్కపెడుతోంది. ఏడు దగ్గర ఆగిపోతుంది. లైటు వేస్తే ఎవరూ లేరు.

దీన్ని మూడు రకాలుగా చదవొచ్చు. దెయ్యం అన్నది మొదటిది. ఈ అమ్మాయి నాలుగేళ్లు వచ్చేవరకు అదే ఇంట్లో పెరిగింది కాబట్టి, అప్పుడు విన్నదో చూసిందో పైకి తేలిందన్నది రెండోది. అమ్మమ్మ పోయిన దిగులు, సరైన నిద్ర లేకపోవడం, డాక్టర్ రాసిన నిద్రమాత్రలు కలిసి చేసిన మాయ అన్నది మూడోది. రచయిత ఈ మూడు దారుల్నీ ఎంత దూరం వీలైతే అంత దూరం తెరిచి ఉంచాలి.

ఇప్పుడు తెల్లారింది. మెట్లు తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా? చూడటానికి చిన్న విషయం. తడిగా ఉన్నాయని రాసిన మరుక్షణం మూడో దారి మూసుకుపోతుంది, రెండోదీ దాదాపు మూసుకుపోతుంది. అది తప్పు కాదు, అది సూటి దెయ్యం కథ. కానీ నలభయ్యో పేజీలో తడి మెట్లు చూపించి, మూడొందలో పేజీలో అంతా మానసిక సమస్య అంటే ఎవరూ ఒప్పుకోరు. సాహిత్య సిద్ధాంతకర్త త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ఇదే విషయాన్ని శాస్త్రీయంగా చెప్పాడు. ప్రకృతి నియమాలతో వివరించవచ్చా, లేదా అన్న సందిగ్ధం ఎంతసేపు నిలుస్తుందో అంతసేపే ఈ రకమైన కల్పన నిలుస్తుందని ఆయన వాదన. అటో ఇటో తేలిన క్షణాన కథ ఇంకో జాతిలోకి వెళ్లిపోతుంది.

కథలో ముందుకెళ్దాం. మెట్లు పొడిగానే ఉన్నాయి. అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున పాత చీర ముక్కలో చుట్టిన ఒంటి బూటు దొరుకుతుంది, కుడి కాలిది. దెయ్యం నిజమేనన్నమాట అని ఒళ్లు జలదరిస్తుంది. రెండు పేజీలు తిరిగేలోపు, చిన్నప్పుడు ఈ అమ్మాయి ఆ పెట్టెలోని బొమ్మలతోనే ఆడుకునేదని అమ్మ ఫోన్‌లో చెబుతుంది. అంటే ఈ బూటు ముందే చూసి ఉండొచ్చు. మళ్లీ మొదటికొచ్చాం, కానీ బూటు మాత్రం చేతిలో ఉంది. అది ఎవరిదన్న ప్రశ్నకు దెయ్యంతో పనిలేదు.

ఏడు అన్న అంకె సంగతి చూడండి. అమ్మమ్మ వాళ్లు ఆరుగురు తోబుట్టువులని ఇంటిల్లిపాదికీ తెలుసు. అటక మీద దొరికిన పాత ఉత్తరంలో, ఏడుగురు పిల్లలతో ఎలా నెట్టుకొస్తున్నావో అని ఎవరో పరామర్శించారు. తీగ దొరికింది. అక్కడి నుంచి జనన రిజిస్టరు, బడి ఫొటో, పూడ్చేసిన బావి. ఇప్పుడు కథలోంచి దెయ్యాన్ని పూర్తిగా తీసేసి చూడండి. ఉత్తరం, రిజిస్టరు, బూటు, బావి మిగిలే ఉంటాయి, నిజం నిలబడుతుంది. అదే ఉత్తరాన్నీ రిజిస్టరునూ తీసేసి దెయ్యాన్ని మాత్రమే ఉంచితే, భయపడిన అమ్మాయి ఒకతె మిగులుతుంది. ఏ పారానార్మల్ మిస్టరీ చేతికొచ్చినా నేను ముందు చేసే పరీక్ష ఇదే.

పిచ్చి అని తేల్చేయడం

దెయ్యం లేదని చెప్పదలుచుకున్న రచయితలు ఎక్కువమంది పట్టుకునేది ఒకే గొడ్డలి. కథానాయికకు మతి చెడిందని తేల్చేయడం. ఇది బద్ధకం. పైగా అన్యాయం కూడా. మతి నిక్షేపంగా ఉన్నవాళ్లకూ లేనివి కనిపిస్తాయని ఎప్పటినుంచో రికార్డులున్నాయి. బ్రిటన్‌లో 1882లో మొదలైన, మానవాతీత అనుభవాల్ని పరిశోధించే సైకికల్ రీసెర్చ్ సొసైటీ పదిహేడు వేలమందిని అడిగి 1894లో నివేదిక ఇచ్చింది. పూర్తి మెలకువలో ఉండగా లేని మనిషిని చూడటమో, గొంతు వినడమో, తాకిడి తెలియడమో ఎప్పుడైనా జరిగిందా అంటే దాదాపు పదిమందిలో ఒకరు అవునన్నారు.

వేల్స్‌కు చెందిన డాక్టర్ డెవీ రీస్ 1971లో ప్రచురించిన అధ్యయనం నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న 293 మందితో ఆయన మాట్లాడితే, దాదాపు సగంమంది పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, మాట వినిపించడమో జరిగిందన్నారు. చాలామందికి అది ఓదార్పుగా ఉంది. అయినా వాళ్లలో ఎక్కువమంది అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. ఒకే ఇంట్లో ఇద్దరికి అదే మనిషి కనిపిస్తున్నా ఒకరికొకరు చెప్పుకోకుండా భోజనాలు చేస్తూ ఉండొచ్చన్నమాట. కథ రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

చూపు మందగించిన పెద్దవాళ్ల విషయం మరీ విచిత్రం. 1760లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త చార్లెస్ బోనే తన తాతగారి అనుభవాల్ని రాసిపెట్టాడు. శుక్లాలతో చూపు దాదాపు పోయిన ఆ తాతకు మనుషులు, బండ్లు, భవనాలు కళ్లముందు కదిలేవి. అవి నిజం కావని ఆయనకు తెలుసు, బుర్ర పాదరసంలా పనిచేసేది. కళ్ల నుంచి సమాచారం అందకపోతే మెదడు ఆ ఖాళీని తనే బొమ్మలతో నింపుకుంటుందని ఇప్పుడు చెబుతున్నారు. దీన్ని బోనే పేరుతోనే పిలుస్తున్నారు. కిటికీలో ఎవరో నిలబడ్డారని రోజూ అనే తొంభై ఏళ్ల ముసలామెను ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. ఆమె చూసేదాంట్లో సగం ఈ జబ్బు, సగం జ్ఞాపకం అయితే? ఏది ఏదో విడదీయడమే కథానాయకుడి పని అయితే?

ఇక నిద్ర పక్షవాతం చాలామందికి తెలిసిందే. కలలు వచ్చే దశలో శరీరం కదలకుండా మెదడు కండరాల్ని సడలించి ఉంచుతుంది. ఆ సడలింపు వదలకముందే మెలకువొస్తే, కదల్లేని ఒళ్లు, గుండెల మీద బరువు, గదిలో ఎవరో ఉన్నారన్న భయం. జీవితంలో ఒక్కసారైనా ఇది ఎదురైనవాళ్లు దాదాపు ఎనిమిది శాతం ఉంటారని లెక్క. నవలల్లో దీన్ని అరగదీశారు కాబట్టి కొత్తగా రాసేవాళ్లు కాస్త పక్కన పెడితే మంచిది.

ఇల్లే మనిషిని మోసం చేయడం మాత్రం ఇంకా అరిగిపోలేదు. 1921లో అమెరికన్ కంటి డాక్టర్ విలియం విల్మర్ ఒక కుటుంబం కథను వైద్య పత్రికలో ప్రచురించాడు. పాత ఇంట్లోకి మారాక అడుగుల చప్పుళ్లు, రూపాలు, ఎడతెగని తలనొప్పులు. చివరికి చూస్తే ఇంటిని వెచ్చబెట్టే కొలిమి పాడై, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదుల్లోకి వస్తోంది. 1998లో బ్రిటిష్ ఇంజినీర్ విక్ టాండీ ఇంకో సంగతి రాశాడు. తను పనిచేసే ల్యాబ్‌లో కంటి చివర బూడిదరంగు ఆకారం కనిపించేది. మర్నాడు బిగించి పెట్టిన కత్తిసాము కత్తి దానంతటదే ఊగడం చూసి కూపీ లాగితే, ఒక ఫ్యాన్ నుంచి సెకనుకు 19 కంపనాల శబ్దం వస్తోందని తేలింది. మన చెవికి అందే హద్దు కంటే కాస్త కింద. ఆ శబ్దమే రూపాలు చూపించిందన్న టాండీ వాదనను అందరూ ఒప్పుకోలేదు. నవలకు ఆ అభ్యంతరం కూడా పనికొస్తుంది. ఫ్యాన్ ఆపేశాక చప్పుళ్లు పోయి, ఒక్క రూపం మాత్రం మిగిలిపోతే పాఠకుడు పుస్తకం కింద పెట్టడు.

ఎప్పుడూ అమ్మమ్మ తరమే ఎందుకు

ఈ నవలల్లో తవ్వేది మనవరాలు, లేదా మనవడు. తవ్వకం సాగేది అమ్మమ్మ, తాతల తరంలోకి. ఇది రచయితలు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదే అనుకోవచ్చు గానీ, లోపల గట్టి కారణం ఉంది. నోటిమాటగా నిలిచే జ్ఞాపకం మూడు తరాలు, అంటే ఎనభై నుంచి వందేళ్లు మాత్రమే బతుకుతుందని జర్మన్ పండితుడు యాన్ అస్మాన్ ప్రతిపాదించాడు. ఆ తర్వాత రాసిపెట్టింది, కట్టడాల్లో నిలిచింది మాత్రమే మిగులుతుంది. మిస్టరీకి సరిగ్గా సరిపోయే గడువు ఇది. మొదటి తరం చేసింది. రెండో తరానికి తెలుసు, నోరు మెదపలేదు. మూడో తరం అడుగుతోంది. తెలిసిన ఆఖరి మనిషి ఇంకా బతికుంది, కానీ ఎంతో కాలం ఉండదు. ఏ బాంబూ పెట్టకుండానే టెన్షన్ పుట్టుకొస్తుంది.

ఈ కోవలో మొట్టమొదటి నవలగా అందరూ చెప్పే 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'ను హొరేస్ వాల్పోల్ 1764లో వెలువరించాడు. తండ్రుల పాపం మూడు నాలుగు తరాల దాకా పిల్లల్ని కుడుపుతుందన్న మాట దాని ముందుమాటలోనే ఉంది. కథలోనూ తాత అక్రమంగా లాక్కున్న కోట, అసలు వారసుడు, లెక్క తేల్చడానికొచ్చిన పూర్వీకుడి ఆత్మ. భయం పొరలు ఒలిచి చూస్తే అడుగున ఉన్నది ఆస్తి తగాదా. ఇప్పటికీ ఈ నవలల్లో సగానికి సగం చివరికి వీలునామా దగ్గరే తేలతాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఆస్తి లేని చోట రహస్యాన్ని మూడు తరాలు కాపాడే ఓపిక మనుషులకు ఎక్కడిది?

ఆస్తిని మించిన కారణాన్ని పారిస్‌లో పనిచేసిన మనోవిశ్లేషకులు నికొలాస్ అబ్రహాం, మరియా తొరోక్ 1970లలో చెప్పారు. పెద్దవాళ్లు దాచిన రహస్యం ఏమిటో పిల్లలకు తెలియదు, కానీ ఏదో దాస్తున్నారని తెలుస్తుంది. ఫలానా పేరెత్తితే అమ్మ మాట మార్చడం, ఫలానా గదికి తాళం ఉండటం, ఫలానా తేదీన తాత అన్నం ముట్టకపోవడం. ఆ ఖాళీలే పిల్లల మనసులో ఒక రూపం పోసుకుని తిరుగుతాయని, దెయ్యమంటే అదేనని వాళ్ల వాదన. ఇది ప్రయోగశాలలో నిరూపించిన శాస్త్రం కాదు. అయితే పైన చెప్పిన మెట్ల మీది పిల్లను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి నాకు కనిపించలేదు. ఆ అమ్మాయి చూస్తున్నది చచ్చిపోయిన పిల్లనే అయినా, ఆ పిల్ల గురించి అరవై ఏళ్లుగా ఎవరూ మాట్లాడకపోవడాన్నే అయినా, కళ్లముందు కనిపించేది ఒకటే.

మిగతా సాక్షులు మాత్రం ఏం తక్కువ

దెయ్యం మాట నమ్మలేం సరే. ఇంట్లో పెద్దవాళ్ల మాట నమ్మొచ్చా? 1995లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ బృందం ఇరవై నాలుగు మందిపై ఒక ప్రయోగం ప్రచురించింది. చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని, ఎవరో ముసలావిడ చేరదీసిందని, అసలు జరగని సంఘటనను దగ్గరి బంధువు చెప్పినట్టుగా చెప్పారు. నాలుగో వంతు మంది పాక్షికంగానో పూర్తిగానో అది గుర్తొచ్చిందన్నారు. కొందరు తమంతట తామే వివరాలు జోడించారు. ఇంట్లోవాళ్లు చెబితే మనం లేని జ్ఞాపకాన్ని కూడా సృష్టించుకుంటాం. పినతల్లి ప్రమాణం చేసి చెప్పిన మాట, ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మిన మాటే అయినా, అబద్ధం కావచ్చు.

పోనీ కాగితాలు? వంశచరిత్ర తవ్వేవాళ్లను అడిగితే తలలు పట్టుకుంటారు. వయసు అడిగితే నలభై, యాభై అని ఉజ్జాయింపు లెక్క రాయించడం ప్రపంచమంతా ఉంది. మరణ కారణం దగ్గర గుండె ఆగింది అని రాసేస్తే దాని వెనక ఏదైనా దాగొచ్చు. అన్నింటికంటే పెద్ద ఉచ్చు, చనిపోయిన బిడ్డ పేరునే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం. ఎన్నో దేశాల్లో ఇది మామూలు. రిజిస్టరులో ఒకే తల్లిదండ్రులకు ఒకే పేరుతో రెండు జననాలు కనిపిస్తాయి. గుమాస్తా పొరపాటనుకుని ఒకటి కొట్టేస్తే, ఒక మనిషే చరిత్రలోంచి మాయం. ఆరుగురా ఏడుగురా అన్న నా ఉదాహరణలోని పేచీ సరిగ్గా ఇలాగే పుట్టొచ్చు.

ఈమధ్య నవలల్లో డీఎన్‌ఏ పరీక్ష వచ్చి పడింది, చాలామంది దాన్ని దెయ్యానికి బదులు వాడుకుంటున్నారు. ఫలితం రాగానే రహస్యం బట్టబయలు. పరీక్ష అలా పనిచేయదు. అది ఎంత పంచుకున్నారో చెబుతుంది, వరస చెప్పదు. పాతిక శాతం దగ్గర పోలిక వస్తే ఆ మనిషి తల్లిగానీ తండ్రిగానీ వేరైన తోబుట్టువు కావచ్చు, అమ్మమ్మో తాతో కావచ్చు, మేనమామో మేనత్తో కావచ్చు. ఏ వరసో తేల్చడానికి వయసులు కావాలి, పాత ఉత్తరాలు కావాలి, నోరు విప్పే ఒక పెద్దావిడ కావాలి. దెయ్యం లాగే డీఎన్‌ఏ కూడా వేలు చూపిస్తుంది, తవ్వుకోవాల్సింది మనమే. ఈ సంగతి తెలిసిన రచయిత చేతిలో ఆ పాతిక శాతం అద్భుతమైన క్లూ. తెలియని రచయిత చేతిలో ఇరవయ్యో పేజీకే కథ కంచికి.

కాబట్టి రచయిత చేతిలో ఉన్న సాక్షులెవరూ పూర్తిగా నమ్మదగినవాళ్లు కారు. దెయ్యానికి తన చావు క్షణం తప్ప ఇంకేమీ తెలియదు. పెద్దవాళ్లకు తాము చెప్పుకుంటూ వచ్చిన కథే గుర్తుంటుంది. కాగితం రాసినవాడి అవసరాన్ని బట్టి ఉంటుంది. వీళ్లలో ఏ ఇద్దరు ఒకరితో ఒకరు సంబంధం లేకుండా ఒకే మాట చెబుతారో అక్కడ నిజం ఉందని పాఠకుడు నమ్ముతాడు. ఉత్తరంలోని ఏడుగురు, బడి ఫొటోలోని ఏడో పిల్ల. మంచి నవలలో ఆ కలిసే క్షణం దెయ్యం కనిపించే క్షణం కంటే ఎక్కువ వణికిస్తుంది.

నిజం తెలిశాక

ఎముకలు బయటపడి, పేరు తెలిసి, అంత్యక్రియలు జరిగి, ఆత్మ శాంతించడం ప్లినీ నాటి ముగింపు. ఆ ఇంట్లో ఎథినోడోరస్ అద్దెకు దిగినవాడు. దొరికిన ఎముకలు తనవాళ్లవి కావు. అందుకే అక్కడితో చేతులు దులుపుకోగలిగాడు. కుటుంబ నవలలో ఆ సౌకర్యం లేదు. బావిలో పిల్ల దొరికింది. తోసింది ఎవరు? అమ్మమ్మే అయితే? అమ్మమ్మ చేతుల్లో పెరిగిన అమ్మ ఇంకా బతికే ఉంది, రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతోంది. ఆవిడకు చెప్పాలా? చెబితే ఆ నిజం ఎవరికి పనికొస్తుంది? చెప్పకపోతే, నోరు మూసుకున్న రెండో తరానికీ మూడో తరానికీ తేడా ఏముంది? ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లకు బావి సంగతి చెప్పాలా? ముద్దాయి కూడా పోయాక పోలీసులకు చెప్పి చేసేదేముంది?

ఈ ప్రశ్నల ముందు దెయ్యం నిజమా కాదా అన్నది చాలా చిన్న విషయం. అందుకే ఆఖరి పేజీలో ఆత్మ ప్రశాంతంగా నవ్వి గాల్లో కలిసిపోయే ముగింపులంటే నాకు అనుమానం. బతికున్నవాళ్లు తేల్చుకోవాల్సినదాన్ని చచ్చినవాళ్ల మీదకు నెట్టేసి తప్పుకోవడం అది. ఆత్మ శాంతించిన మర్నాడు ఆ అమ్మాయి తల్లికి ఫోన్ చేస్తుంది కదా. ఆ సంభాషణ ఎలా నడిచిందో రాయాలి. తల్లికి అంతా ముందే తెలుసా, తెలిస్తే ఎప్పటినుంచి తెలుసు, తెలిసీ కూతుర్ని ఆ ఇంటికి ఒంటరిగా ఎందుకు పంపింది అన్నవి అందులో రావాలి. చాలామంది రచయితలు ఆ అధ్యాయం రాయకుండానే పుస్తకం ముగించేస్తున్నారు.